మళ్లీ గిన్నెలో వేసిన వాగ్దానం

మచిలీపట్నం చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ నగలకు రాళ్లు అతికే కృపాకుమారికి నీళ్లంటే చచ్చేంత భయం. ఎందుకుండదు? పుట్టింది దివిసీమలో, నాగాయలంక అవతల. నాలుగేళ్ల పిల్లప్పుడు డెబ్బై ఏడు ఉప్పెన తండ్రిని పట్టుకుపోయింది. అలాంటి మనిషికి దొరికిన మొగుడు రాజబాబేమో రొయ్యల చెరువుల మీద పనివాడు. కృత్తివెన్ను దగ్గర గట్టు మీద షెడ్డులో ఉంటాడు, పదిహేను రోజులకోసారి ఇంటికొస్తాడు.

వాళ్ల చర్చిలో ఏటా జనవరి ఒకటిన ఆరాధన కాగానే ఇత్తడి గిన్నెలో వాగ్దానం కార్డులు పోసి తిప్పుతారు. ఒక్కో కార్డు మీద ఒక్కో వాక్యం. ఎవరి చేతికొచ్చింది వాళ్లకు ఆ ఏటికి దేవుడిచ్చిన మాట. రానివాళ్ల పేరున ఇంట్లోవాళ్లు తీస్తారు.

ఈసారి కృపాకుమారి కళ్లు మూసుకుని మొగుడి పేరున ఒకటి తీసింది. నీళ్లు దాటేటప్పుడు నీకు తోడుంటానని దేవుడు చెప్పిన మాట అది. మంచి మాటే. కానీ ఆమె కంటికి తోడు ఆనలేదు, నీళ్లే ఆనాయి. ఎవరూ చూడకుండా కార్డు గిన్నెలో పడేసి ఇంకోటి లాగింది. పంట సమృద్ధి గురించిన మాట వచ్చింది. హమ్మయ్య అనుకునేలోగా వెనకున్న బెంజమిన్ చెయ్యిపెట్టి, పైనున్న ఆ నీళ్ల కార్డే తీశాడు. అతనూ రాజబాబుతో అదే చెరువు మీద పని చేస్తాడు. పెళ్లై ఏడాది కాలేదు.

ఇక చూడండి అవస్థ. ఆ నీళ్లగండం ఇంకా తన మొగుడిదేనా, లేక తనే తీసి ఆ కుర్రాడి నెత్తిన పెట్టిందా? తిండి సయించదు. ఫోను మోగితే ఒళ్లు చల్లబడుతుంది.

పక్కింటి లక్ష్మమ్మ, పెడన నేతగాళ్ల ఆడపడుచు, ఊరుకునే రకం కాదు. "ఏంటొదినా, ఆ మొహమేంటి?" అని కూపీ లాగి, అంతా విని, "శకునాలు, ముహూర్తాలు మీకు లేవంటారుగా!" అంది.

"మతంలో లేవొదినా, మాలో ఉన్నాయి."

"మాకూ అంతేలే. దేవుడికి దణ్ణం పెడతాం, పిల్లికి భయపడతాం. ఆ పిల్లి ఏ పురాణంలో ఉందో అడిగితే ఎవడూ చెప్పడు."

కృపాకుమారి పాస్టరుగారి దగ్గరికి వెళ్లింది. "అయ్యగారూ, కార్డు మారిస్తే ఆపద మారుద్దాండీ?"

"వాక్యం మన మతం అమ్మా. గిన్నెలోంచి తీయడం మా నాన్నగారి రోజుల్లో మొదలైన అలవాటు. దాన్ని జాతకం చేసుకోకూడదు."

"మరి మీ కార్డుకి ఫ్రేమెందుకు కట్టించారండీ?"

అయ్యగారు గోడవైపు చూసి దగ్గారు.

మూడోవారం ఒక పొద్దున రాజబాబు ఫోను ఎత్తలేదు. బెంజమిన్‌ది స్విచ్చాఫ్. పదింటికి కృపాకుమారి బస్సెక్కింది. పెడన దాటిన దగ్గర్నుంచీ రోడ్డుకు రెండువైపులా చెరువులే. తల వంచుకుని కూర్చుంది.

గట్టెక్కి చూసేసరికి మేత చల్లే తెప్ప బోర్లా పడి ఉంది. పక్కన రెండు జతల చెప్పులు. మనుషులు లేరు. అక్కడే కూలబడింది.

"ఏమేవ్! నువ్వేంటే ఇక్కడ?"

షెడ్డు వెనకనుంచి రాజబాబు, వెనకాలే తారు డబ్బాతో బెంజమిన్. తెప్పకు కన్నం పడితే పూడ్చడానికి బోర్లించారట. రాత్రినుంచీ కరెంటు లేక ఫోన్లు చచ్చాయట.

ఆమె ఏడుస్తూనే జరిగిందంతా చెప్పేసి బెంజమిన్ వైపు తిరిగింది. "నీకు రావాల్సింది కాదయ్యా అది. నేనే నీమీదకి తోశాను."

బెంజమిన్ నవ్వి, ఫోను కవరులోంచి కార్డు తీశాడు. "ఇదేగా అత్తా? నాకు ఈత రాదు. తెప్పెక్కితే వణికేవాణ్ణి. ఎవరికీ చెప్పలేదు, నవ్వుతారని. ఇదొచ్చాక భయమే లేదు. ట్యూబు కట్టుకోవడం కూడా మానేశా."

కృపాకుమారి ఏడుపు ఠక్కున ఆగింది. ఇందాకటి భయం ఒక ఎత్తు, ఇప్పటిది ఒక ఎత్తు.

"మానేశావా? తోడుంటానన్నాడు గానీ, ట్యూబు విప్పమన్నాడట్రా దేవుడు?"

"నమ్మకం ఉండాలి కదత్తా..."

"నోర్ముయ్! ఎక్కడ ఆ ట్యూబు?"

షెడ్డు చూరుకు వేలాడుతున్న పాత లారీ ట్యూబును తనే దించి, గాలి కొట్టించి, అతని నడుముకు తాడుతో మూడు ముళ్లు వేసింది. రేపట్నుంచి వీడికి ఈత నేర్పకపోతే ఇంటికి రావద్దని మొగుడికి చెప్పింది.

కన్నం పూడ్చిన తారు ఆరాక తెప్పను తిరగేసి నీళ్లలో దించారు. మేత బస్తా వేసుకుని, ట్యూబుతో బెంజమిన్ ఎక్కగానే తెప్ప కదిలింది. కృపాకుమారి నీళ్ల అంచు దాకా దిగింది. తెప్ప అవతలి గట్టు ముట్టి తిరిగొచ్చేదాకా ఆ నీళ్లమీంచి చూపు తిప్పలేదు.