తాడు కట్టిన రైలు

మా పోలిరాజు ఏ పనైనా ముందు ఒకసారి ఉత్తుత్తిగా చేసి చూసుకుంటేగానీ అసలు పనికి దిగడు. ఇది మధ్యలో అంటుకున్న అలవాటు కాదు, పుట్టుకతో వచ్చింది. "పుట్టిన్నాడే తెలిసిపోనాది నాకు. నోరు తెరిసాడు, మూసాడు, మల్లీ తెరిసి సూసుకున్నాడు, అప్పుడు ఏడిసాడు" అని వాళ్ళమ్మ గురువమ్మ కనబడిన వాళ్ళందరికీ చెప్పేది.

టీ తాగాలన్నా అంతే. మా పోర్ట్‌బ్లెయర్ బతు బస్తీలో టీ కొట్టు బయట కరెంటు స్తంభం ముందు నిలబడి, "భయ్యా, ఏక్ చాయ్, చీనీ కమ్" అని స్తంభానికి చెప్పి చూసుకునేవాడు. కొట్టువాడికి చెవులున్నాయి కదా, వీడు లోపలికి వచ్చేసరికి టీ బల్లమీద పొగలు కక్కుతూ ఉండేది. వీడికి అది నచ్చేది కాదు. గ్లాసు పక్కకి జరిపి, "భయ్యా, ఏక్ చాయ్, చీనీ కమ్" అని మాట మొత్తం అప్పజెప్పి, అప్పుడు ఆ చల్లారిన టీ తాగేవాడు.

క్షవరానికి వెళితే ముందు ఉత్త కత్తెర తలచుట్టూ ఆడించమనేవాడు. మంగలి నూకన్న పాపం ఓర్పుగల మనిషి. "బాబూ, ఉత్తుత్తి కటింగుకి కూడా సెయ్యి నొప్పెడతాదా లేదా?" అని మాత్రం అడిగేవాడు. వీడు అద్దంలో చూసుకుని, "ఎడమ చెవి దగ్గర కొంచెం ఎక్కువ తీశావు, అసలుకి జాగ్రత్త" అనేవాడు.

వాళ్ళ నాన్న జోగులు కొడుక్కి వేట నేర్పాలని పడవ ఎక్కించాడు. పోలిరాజు పడవ చివర నిలబడి, వల లేకుండా చేతులు విసిరి చూసుకున్నాడు. భుజం సరిగా తిరగలేదని మళ్ళీ విసిరాడు. ఈ కచేరీ అయ్యేసరికి చేపలు చూడవలసింది చూసి వెళ్ళిపోయాయి. జోగులు తెడ్డు కింద పెట్టి కొడుక్కి దండం పెట్టాడు.

"నీకు సముద్రం పడదురా నాయినా. అది నీకోసం ఆగదు. నువ్వెల్లి మేస్టరువైపో. పిల్లలైతే బల్లలమీద కూకునుంటారు, ఈదుకుపోరు."

అలా డెబ్బైల మొదట్లో నేనూ వాడూ పోర్ట్‌బ్లెయర్‌లో టీచర్ ట్రైనింగులో చేరాం. నా పేరు లక్ష్ముడు. లంబాలైన్‌లో మావీ వాళ్ళవీ పక్కపక్క ఇళ్ళు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లో మా పెద్దవాళ్ళు సోంపేట తీరం నుంచి వలలూ కుండలూ సర్దుకుని, పడవల్లోనే విశాఖపట్నం చేరి, ఓడెక్కి ఇక్కడికి వచ్చేశారు. మేం ఇక్కడే పుట్టాం. మెయిన్‌ల్యాండ్ అంటే మాకు ఉల్లిపాయలు వచ్చే చోటు, అంతే.

ట్రైనింగులో మొదటిరోజే ప్రిన్సిపాలు గారు, "పాఠం చెప్పబోయే ముందు ఎన్నిసార్లయినా సాధన చేసుకోండి" అన్నారు. పోలిరాజు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పుట్టిన దగ్గర్నుంచి ఏ పనికి తిట్లు తిన్నాడో ఆ పని చెయ్యమని ఒక పెద్దమనిషి నోరు తెరిచి చెప్పడం వాడి జీవితంలో అదే మొదలు.

ఏడాది చివర ప్రాక్టీసు టీచింగు. ఆఖరి పాఠం మెయిన్‌ల్యాండ్ నుంచి వచ్చే పరీక్షాధికారి ముందు చెప్పాలి. ఎవరి పాఠం ఏమిటో ఒక్కొక్కరినే గదిలోకి పిలిచి చెప్పారు. నాకు 'ఇంటి పరిశుభ్రత' వచ్చింది. పోలిరాజు బయటికి రాగానే అడిగాను.

"నీకేటొచ్చింది?"

వాడు ఆకాశం కేసి చూసి, పెదవులు కదిపి ఒకసారి అనుకుని, "రైలు" అన్నాడు.

నేను కడుపు పట్టుకు నవ్వాను. మా లంబాలైన్ పిల్లలు తలమీంచి విమానం పోతే తలైనా ఎత్తరు, పక్కనే ఏరోడ్రోము. ఓడ కూత విని ఏ ఓడో చెప్పేస్తారు. కానీ రైలు? పిల్లలేం ఖర్మ, పాఠం చెప్పవలసిన పంతులే రైలు చూసి ఎరగడు. సినిమాలో చూశాం గానీ, సినిమాలో రైలు ఎప్పుడూ పోతూ ఉంటుంది, హీరో ఎప్పుడూ వెనకాల పరిగెడుతూ ఉంటాడు. ఆగిన రైలు సంగతి ఎవడూ చూపించలేదు.

"పాసవకపోతే మల్లీ మా అయ్య పడవేరా" అన్నాడు పోలిరాజు నీరసంగా. "మా అయ్య రెండోసారి ఎక్కించుకోడు కూడాను."

దాంతో నాకు జాలేసి, సాయం చేస్తానన్నాను. నోరు జారడమంటే అదే.

రిహార్సళ్ళకి వాడు ఎంచుకున్న విద్యార్థి మా ఎదురింటి అసిరమ్మ. అసిరమ్మంటే లంబాలైన్ మొత్తానికీ హడలు. చేపల గంప నెత్తిన పెట్టుకుని నడిస్తే కుక్కలు దారిచ్చేవి. ఒకసారి గాలివానలో పడవ తిరగబడితే, గంప ఒక చేత్తో పట్టుకుని ఈదుకుంటూ ఒడ్డుకొచ్చి, తడిసిన చేపలు తక్కువ ధరకి అడిగిన వాడిని తిట్టిపోసింది. అలాంటి మనిషికి ఒకటే కోరిక: సోంపేట దగ్గర ఉన్న చెల్లెలు అమ్మడిని చూసి రావాలి. ఇక్కడికి వచ్చాక అక్కాచెల్లెళ్ళు మళ్ళీ ముఖాలు చూసుకోలేదు.

విశాఖపట్నం ఓడ బయల్దేరినప్పుడల్లా అసిరమ్మ చోటు రాయించుకుని, ఎర్రమూట పట్టుకుని జెట్టీకి వెళ్ళేది. సాయంత్రానికి అదే మూటతో తిరిగొచ్చేది. మేక ఈనేలా ఉందని ఒకసారి, ఎవరో తుమ్మారని ఒకసారి, ఓడ రంగు బాగాలేదని ఒకసారి. అసలు కారణం అడిగే ధైర్యం మాకు లేదు. చేతిలో చేపలు కోసే కత్తి ఉండేది.

"అప్పా, నాకు పరీచ్చ. పాఠం పేక్టీసు సెయ్యాల. నువ్వు కాస్త పాసింజరువి కావాల" అని పోలిరాజు అడిగాడు. అప్ప అంటే మా వాడుకలో అక్క.

"నాకేటి పనిలేదనుకున్నావేట్రా?"

"ఫెయిలైపోతాను అప్పా."

"సరే, ఏడవకు. జల్దీ కానీ."

అసిరమ్మ అరుగుమీద రెండు బల్లలు ఎదురెదురుగా వేశాం. అది రైలుపెట్టె. మేకలు తోటి ప్రయాణికులు. నేను ఇంజను. కూయాలి, చుక్ చుక్‌మనాలి, ఆపమంటే ఆగాలి. నా గొంతు అప్పుడు పోయింది, ఇప్పటికీ పూర్తిగా రాలేదు.

సలహాదారు గవరయ్య తాత. లంబాలైన్ అంతటికీ రైలెక్కిన తెలుగువాడు ఆయనొక్కడే. పోలిరాజు భక్తిగా వెళ్ళి అడిగాడు.

"తాతా, రైలెలాగుంటాది?"

"ఎక్కాను, తొంగున్నాను, లేపితే దిగాను. అలాగుంటాది."

"ఆగినప్పుడు జెట్టీకి... అదే, స్టేషనుకి తాడుతో కడతారా?"

గవరయ్య తాత కోపంగా చూశాడు. "కట్టకపోతే కొట్టుకుపోదేట్రా, ఎర్రోడా?"

పుస్తకంలో రైలు బొమ్మ ఉంది. తాడు లేదు. బొమ్మవేసినవాడు మరిచిపోయాడని ఇద్దరం తేల్చాం. ఆ పూట నుంచి నాకు పని పెరిగింది. నేను కూసుకుంటూ వచ్చి ఆగగానే, పోలిరాజు వాళ్ళ నాన్న పడవ తాడు విసిరేవాడు. దాన్ని అందుకుని అరుగు గుంజకి కట్టుకోవాలి. ఇంజనూ నేనే, ఖలాసీనీ నేనే.

"తాడు గట్టిగా కట్టేరో లేదో సూసుకుని అప్పుడు ఎక్కాల అప్పా. మల్లీ మొదట్నుంచి!"

అసిరమ్మ దిగేది, ఎక్కేది. టికెట్టు కొంగున ముడేసుకునేది. పోలిరాజు నల్లకోటు బదులు గురువమ్మ గొంగళి కప్పుకుని టికెట్ కలెక్టరై వచ్చేవాడు.

"టికెట్ దిఖావ్!"

"ఇప్పుడే గదరా సూసినావు?"

"ఆయన ఏరు, నాను ఏరు. టికెట్ దిఖావ్!"

అరుగు గోడమీద బొగ్గుతో పెద్ద అక్షరాల్లో 'సోంపేట' అని రాశాడు. అసిరమ్మకి చదువు రాదు. "ఈ మొదటి దాన్ని బాగా సూసుకో అప్పా. పక్కన సున్నా ఉంటాది. ఇది కనపడితే మూట తీసుకుని దిగిపోవాల" అని వేలితో దిద్దించేవాడు.

"సోంపేటే ఎందుకురా?" అని అడిగాను.

"ఏదో ఒక స్టేషనుండాల గదా. కూతెయ్యి."

కూతేశాను. నాకు ఇంజను బుర్రే ఉండేది అప్పుడు.

పరీక్ష రానే వచ్చింది. నా పాఠం వాడికన్నా ముందు. తతిమ్మా ట్రైనీలందరి లాగే నేను కూడా పరీక్షలో కూర్చోబోయే స్కూలు పిల్లలతోనే ముందుగా వల్లె వేయించి ఉంచాను. మా పిల్లలు చురుకైనవాళ్ళు. నేను "పిల్లలూ, ఈరోజు..." అనగానే, "చీపురు సార్!" అని అరిచారు. చీపురు అనేది మూడో ప్రశ్నకి జవాబు. రెండో ప్రశ్న అడిగేలోపు నాలుగోదానికి కూడా చెప్పేశారు. పరీక్షాధికారి కళ్ళజోడు తీసి, తుడిచి, నన్ను చూసి, మళ్ళీ పెట్టుకున్నారు.

తరవాత పోలిరాజు. నేను వెనక బల్లమీద కూర్చుని, అలవాటుకొద్దీ కూతకి గొంతు సవరించుకుంటున్నాను. వాడు లోపలికొచ్చాడు. చేతిలో తాడు లేదు, రైలు బొమ్మ లేదు. ఒక కొబ్బరికాయ ఉంది. బోర్డుమీద 'కొబ్బరిచెట్టు - ఉపయోగాలు' అని రాసి, పిల్లలవైపు తిరిగి బిగుసుకుపోయాడు.

నేనూ బిగుసుకుపోయాను. ఈ పాఠం వీడు ఒక్కసారి కూడా చేసి చూసుకోలేదు! స్తంభానికి చెప్పలేదు, మేకలకి చెప్పలేదు. టీ అడగడానికి రిహార్సల్ చేసే మనిషి, బతుకు తేలిపోయే పరీక్షకి ఉత్త చేతులతో వచ్చాడు.

పోలిరాజు నోరు తెరిచాడు, మూశాడు. కిటికీలోంచి రోడ్డువైపు చూశాడు. "కొబ్బరి..." అన్నాడు. మళ్ళీ రోడ్డువైపు చూశాడు. పరీక్షాధికారి ఏదో రాసుకున్నారు. జెట్టీనుంచి లంబాలైన్ వెళ్ళేవాళ్ళు ఎవరైనా ఆ కిటికీ ముందునుంచే పోవాలి. అప్పుడు గుర్తొచ్చింది నాకు, ఆరోజు విశాఖపట్నం ఓడ ఉంది. పొద్దున్నే అసిరమ్మ ఎర్రమూటతో వెళ్ళింది. పోలిరాజు చూస్తున్నది ఆ మూట కోసం.

అప్పుడు ఓడ కూసింది. పొడుగ్గా, బయల్దేరేటప్పుడు కూసే కూత.

"ఓడ ఎల్లిపోనాది సార్" అన్నాడు ముందు బల్లమీది పిల్లాడు.

రోడ్డుమీద ఎవరూ లేరు. ఎర్రమూట లేదు. పోలిరాజు ముఖం విప్పారింది. "ఎల్లిపోనాది!" అన్నాడు. కొబ్బరికాయ గాల్లోకి ఎగరేసి పట్టుకుని, "ఇప్పుడు చెప్పండర్రా, దీంతో ఏం చేస్తారు మీ ఇంట్లో? నాకేమీ తెలీదు" అన్నాడు. నిజంగానే తెలీదు పాపం, పాఠం చదువుకోలేదు కదా! పిల్లలు ఒకరిమీద ఒకరు పడి చెప్పారు. ఒకడు పీచు తాళ్ళన్నాడు, ఒకత్తి వాళ్ళ నాయనమ్మ చేసే కొబ్బరి చేపల కూరన్నది, ఇంకొకడు కాయ పడి వాళ్ళ బాబాయికి తల పగిలిందన్నాడు. వీడు నోరెళ్ళబెట్టి వింటూ, విన్నదల్లా బోర్డుమీద రాసేశాడు.

పరీక్షాధికారి లేచి, "చాలా రోజుల తరవాత ముందుగా వండి పెట్టని పాఠం విన్నానండీ" అన్నారు. తరవాత నా కేసి చూశారు. ఆ చూపుకి అర్థం నాకు మార్కుల్లో తెలిసింది. ఇద్దరం పాసయ్యాం, నేను కాస్త ఒడ్డు పట్టుకుని.

బయటికొచ్చాక వాడి చొక్కా పట్టుకున్నాను. "నీకు రైలు రాలేదట్రా? నా గొంతు పోగొట్టావు కదరా!"

"అరవకు భయ్యా. ఒకసారి జెట్టీలో అప్పని సూసాను. ఓడ మెట్టుమీద కాలెట్టింది, తీసింది. మల్లీ ఎట్టింది, తీసింది. ఆ పని నాకు తెలిసినంతగా ఎవడికి తెలుసు? ఖలాసీని అడుగుతోంది, 'అక్కడ దిగినాక రైలెలా ఎక్కాల బాబూ' అని. సముద్రం భయం లేదురా ఆవిడికి. రైలంటే భయం."

"ఆ మాట ఆవిడతోనే అని, నేర్పొచ్చు కదా?"

"'నీకు భయం' అని అసిరమ్మప్పతో నువ్వంటావా?"

చేపలు కోసే కత్తి గుర్తొచ్చింది నాకు.

"నాకు పరీచ్చ అంటే వచ్చి కూకుంది. ఆవిడ నాకు సాయం సేసింది, అంతే" అన్నాడు. నాకు వాడిని కౌగిలించుకోవాలనిపించింది. కౌగిలించుకోబోతే, "ఉండు" అని ముందు గోడని కౌగిలించుకుని చూసుకున్నాడు.

వాడికి ఉత్తరాన దూరంగా ఉన్న మాయాబందర్ స్కూల్లో ఉద్యోగం వచ్చింది. బయల్దేరే ముందురోజే పెట్టే బేడా తెచ్చి జెట్టీమీద అందరి దగ్గరా సెలవు తీసుకున్నాడు. గురువమ్మ ఏడ్చింది, మేమంతా ఏడ్చాం. వాడు సంతృప్తిగా తలూపి ఇంటికొచ్చేశాడు. మర్నాడు అసలు పడవకి నేనొక్కడినే వెళ్ళాను, అదీ పెట్టె మొయ్యడానికి.

అదే పూట విశాఖపట్నం ఓడ వచ్చింది. మెట్లమీద ఎర్రమూట కనబడింది. మూట కింద అసిరమ్మ. ఆవిడ కొంగు గట్టిగా పట్టుకుని, అదే ముక్కు, అదే నడక ఉన్న ఇంకొక ముసలమ్మ!

"మా అమ్మడు. ఓడంటే భయమన్నాది. మంచం మీద కూకోబెట్టి, నలుగురు పిల్లల్ని పట్టుకుని ఊపమన్నాను. వాంతులయ్యేదాకా ఊపించి, 'మల్లీ మొదట్నుంచి' అన్నాను. ఇప్పుడు సూడు, బెదరకుండా వచ్చీసింది" అంది అసిరమ్మ.

పోలిరాజు ఆత్రంగా అడిగాడు. "అప్పా, రైలు?"

"ఏటి రైలురా అది! తాడే లేదు! వాల్తేరు స్టేషన్లో ఎంతసేపు సూసినా ఎవడూ కట్టడే! నా మూట తాడు ఇప్పి, కిటికీ ఊచకీ పక్కనున్న గుంజకీ నానే కట్టాను. ఓ జెండాబాబు పరిగెట్టుకొచ్చి అరిచాడు. 'కట్టకుండా మనుసులనెలా ఎక్కిస్తావు? లంబాలైన్ రా, మా పోలిరాజు సూపిస్తాడు' అన్నాను. చేతులు జోడించి, ఆడే ఎక్కించి, ఆడే తాడిప్పాడు. సోంపేట మట్టుకు గోడమీద ఉన్నట్టే ఉన్నాది. టికెట్టు ఒక్కసారే అడిగారు. ఆళ్ళకి పని రాదు."

తాడు తప్పని తెలిసి పోలిరాజు ముఖం వాడిపోయింది. "అయితే నేను తప్పు సెప్పినాను."

"నువ్వు తప్పేటిరా! ఆళ్ళది తప్పు."

అమ్మడు అక్క వెనకనుంచి తొంగిచూసింది. "ఈ బాబేనా రైలు?" అని రెండు చేతులూ జోడించింది.

పోలిరాజు సిగ్గుపడి, పక్కకి తిరిగి, జెట్టీ గుంజ ముందు నిలబడి చేతులు జోడించాడు. అమ్మడు తెల్లబోయింది.

"ఉండవే" అంది అసిరమ్మ. "ముందు గుంజకి దండం ఎడతాడు, తరవాత నీకు."