గుట్ట వణకడం ఆగిన సాయంత్రం

నేను చిన్నప్పటి నుంచీ పిరికిదాన్నే. దాచుకునే ఓపిక కూడా ఇప్పుడు లేదు. గోడ మీద బల్లి ఉంటే ఆ గదిలో పడుకోను. కరెంటు పెట్టెల జోలికి పోను. అలాంటి నేను దుర్బీను కొన్నది పులిని వెతకడానికి కాదు, పిట్టలను చూడటానికి. షాద్‌నగర్‌లో ఉద్యోగం. తెలంగాణ వచ్చాక మా వైపు చెరువుల్లో పూడిక తీశారు, నీళ్లు నిలిచాయి, ఎక్కడెక్కడి బాతులో వచ్చి దిగాయి. ఒంటి కంటితో చూసే పొడుగాటి దుర్బీను ఒకటి కొనుక్కుని సెలవు రోజుల్లో వాటిని చూస్తూ కూర్చునేదాన్ని. దూరం నుంచి చూడటంలో నాకు నచ్చేది ఒకటే, అవతలి ప్రాణి మనల్ని ఏమీ చేయలేదు.

మా ఊరు మహబూబ్‌నగర్‌కూ దేవరకొండకూ మధ్యన ఉంటుంది. ఊరి చివర మా ఇల్లు. అక్కడి నుంచి సుమారు కిలోమీటరు దూరంలో గుట్ట, గుట్ట కింద మా పల్లి చేను. గుట్ట అంటే చెట్లేమీ ఉండవు, రాతి గుండ్ల మీద గుండ్లు. బాపు, అంటే మా నాన్న, రోజూ మోటారుబండి మీద చేనికి పోయి, బోరు మోటరు స్టార్టరు డబ్బా దగ్గర బండి ఆపి, అంగీ విప్పి ఆ డబ్బాకున్న మేకుకు తగిలించి, బనీను మీద పనిలోకి దిగుతాడు. ఫోను అంగీ జేబులోనే ఉంటుంది. అందుకే పగలు ఎన్నిసార్లు చేసినా ఎత్తడు. ఈ విషయం మీద మా ఇద్దరికీ ఏళ్ల తరబడి కొట్లాట.

ఆ చలికాలంలో మా మేకపిల్ల ఒకటి గుట్ట కింద మాయమైంది. తర్వాత ఇంకొకరి గొర్రె పోయింది. సాయంత్రం గుండు మీద పసుప్పచ్చగా ఏదో పడుకుని ఉండగా చూశానని ఒక గొల్లాయన చెప్పాడు. ఊళ్లో సగం మంది చిరుతపులి అన్నారు, సగం మంది ఆయన కల్లు ఎక్కువ తాగాడన్నారు. నేల గట్టిది కాబట్టి అడుగులేమీ పడలేదు. అమ్మ భయపడి మేకలను ఇంటి దగ్గరే కట్టేసింది. బాపు మాత్రం ఆగలేదు.

"కుక్కలు ఎత్తుకపోయినయ్ బిడ్డా. పల్లి నీళ్లకొచ్చింది. పులి పేరు జెప్పి ఎండబెట్టుమంటవా?" అన్నాడు.

నేను ఫోనులో ఏడ్చాను, తిట్టాను, తిండి మానేస్తానన్నాను. ఆయన నవ్వాడు. చివరికి విసిగిపోయి ఒక మాట అన్నాడు. "నా కండ్లకు చూపెట్టు. గప్పుడు ఆగుత."

నేను ఆ మాటను పట్టుకున్నాను. శనివారం దుర్బీను తీసుకుని ఊరికి పోయాను. దానికి స్టాండు ఉండాలి. అంతగా పెద్దది చేసి చూపే దుర్బీనును చేత్తో పట్టుకుంటే ఏమీ కనిపించదు. నా దగ్గర ఒక సన్నటి మూడుకాళ్ల స్టాండు ఉండేది, మొబైలు ఫోను పెట్టుకుని ఫొటోలు తీసుకునే రకం. చెరువు గట్టున కూర్చుని దగ్గరి బాతులను చూడటానికి ఎలాగో సరిపోయేది.

"చూడాల్నంటే మంచె ఎక్కాలె" అన్నాడు బాపు. మా పక్క చేను వాళ్లు జొన్న వేశారు, చిలుకలను కొట్టడానికి మధ్యలో మంచె కట్టారు. మా వైపు దూరం చూడాలంటే ఎవరైనా ముందు మంచె కేసే నడుస్తారు. అది సరైన చోటేనా అని అడగాలని ఎవరికీ తోచదు, నాకూ తోచలేదు. ఎక్కి, స్టాండు నిలబెట్టి, గుట్ట కేసి తిప్పి కన్ను పెట్టాను.

గుట్ట మొత్తం ప్రాణంతో ఉంది. ప్రతి గుండూ ఊపిరి తీసుకుంటోంది, ప్రతి నీడా దూకబోతోంది. పసుప్పచ్చటి చారలన్నీ నడుస్తున్నాయి. ఏది రాయో ఏది జంతువో చెప్పలేని ఆ అదురు చూస్తుంటే, నిజంగా పులి కనిపించినా ఇంత భయం వేయదేమో అనిపించింది. బాపు కూడా కన్ను పెట్టి చూశాడు. చూసి పకపకా నవ్వాడు.

"అవ్ బిడ్డా, గుట్టంత పులులే ఉన్నయ్!"

ఆ నవ్వు నన్ను వారమంతా నిద్రపోనివ్వలేదు.

తర్వాతి శనివారం ఊరికి పోతూ మహబూబ్‌నగర్‌లో దిగాను. అక్కడ ఫొటో స్టూడియోల వాళ్లకు సామాన్లు అమ్మే దుకాణం ఒకటి ఉంది. దుకాణం భాయ్ మర్యాదగా కూర్చోబెట్టి, వరుసగా స్టాండ్లు తీసి ముందు పెట్టాడు. తేలికవి, మడిస్తే సంచిలో పట్టేవి, లాగితే నా తలకంటే ఎత్తు లేచేవి.

"గిది సూడుండ్రి మేడమ్, ఎంత హల్కగున్నదో. చిటికెన వేలితోని లేపొచ్చు" అన్నాడు.

నాకు లేపడంతో పని లేదు. సంచిలోంచి దుర్బీను తీసి దాని మీద బిగించి, రోడ్డుకు అవతల దూరంగా ఉన్న నీళ్ల ట్యాంకు మెట్ల కేసి తిప్పాను. కన్ను పెట్టి, వేలితో స్టాండు తల మీద చిన్నగా కొట్టాను. మెట్లు ఊగాయి. ఊగుతూనే ఉన్నాయి. ఎంతసేపటికీ నిలవలేదు. పక్కన పెట్టి ఇంకొకటి తీసుకున్నాను. మళ్లీ కొట్టడం, మళ్లీ ఊగడం. భాయ్ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు గానీ చాయ్ తెప్పించాడు.

అలా కొడుతూ కొడుతూ నాకు కొంత అర్థమైంది. మధ్యలో గొట్టం పైకి లాగితే ఎంత మంచి స్టాండైనా పాడే. కాళ్లు ఎన్ని ముక్కలుగా సాగితే చివరి ముక్క అంత సన్నబడుతుంది, ఆ సన్నటి చోటే ఊగుతుంది. పైన తల తిప్పి వదిలేస్తే వదిలిన చోటే నిలబడాలి, జారి కిందికి వంగకూడదు. దుర్బీను కూర్చునే పళ్లెం కదిలితే కాళ్లు ఎంత లావున్నా వృథా. ఎత్తు అనేది ఒక ఆశ, అంతే. వంగి చూస్తే నడుము నొప్పి పుడుతుందేమో గానీ బొమ్మ నిలుస్తుంది.

"ఏం తీస్తరు మేడమ్? పెండ్లిళ్లా?" అని అడిగాడు భాయ్.

"పులిని చూడాలె భాయ్. మా బాపు దాని కిందనే పని చేస్తుండు."

ఆయన నవ్వబోయి నా మొహం చూసి ఆగాడు. లోపలికి పోయి, పెళ్లి వీడియోలకు పాత పెద్ద కెమెరాలు పెట్టే స్టాండు ఒకటి మోసుకొచ్చాడు. కాళ్లు నా మణికట్టు కంటే లావు, ఒక కాలికి పసుపు మరక. "ఎవ్వరు కొంటలేరు. మోసుడు కష్టం" అన్నాడు. దుర్బీను పెట్టి కొట్టాను. ట్యాంకు మెట్లు ఒక్కసారి ఉలిక్కిపడి నిలిచాయి. "మోస్త" అన్నాను. బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే తొడలు మొద్దుబారాయి. అయినా మొదటిసారి గుండెకు కాస్త నెమ్మది అనిపించింది.

ఆ నెమ్మది ఆ సాయంత్రానికే పోయింది. మళ్లీ అదే మంచె ఎక్కాను. బాపు దాన్ని పైకి అందిస్తూ ఆయాసపడ్డాడు. కన్ను పెట్టాను. గుట్ట మళ్లీ వణుకుతోంది. కోపంతో కళ్లలో నీళ్లు వచ్చాయి. దుకాణంలో మోసపోయానా అని తిట్టుకుంటుంటే బాపు పక్కన కూర్చుని పిక్క గోక్కున్నాడు. ఆయన గోకినప్పుడల్లా గుండ్లు ఎగురుతున్నాయి. అప్పుడు వెలిగింది. నాలుగు కట్టెల మీద ఊగే మంచె అది. ఇంత గట్టి కాళ్లు కొని తెచ్చి ఊగే కాళ్ల మీద నిలబెట్టాను. బాపుకు చెబితే "ఇగ చాలు తియ్యి" అని దిగిపోయాడు.

మర్నాడు ఆదివారం. మధ్యాహ్నం చూస్తే ఎండకు నేల మీద గాలే నీళ్లలా కదులుతుంది, దానికి ఏ స్టాండూ మందు కాదు. పొద్దు వాలేదాకా ఆగాను. బాపు అప్పటికే చేనికి పోయాడు. నేను మా ఇంటి స్లాబు మీదికి స్టాండు మోసుకెళ్లాను. అమ్మ ఎండబెట్టిన కందులను ఒక పక్కకు జరిపి, కింద పిల్లరు ఉన్న మూల చూసి అక్కడ నిలబెట్టాను. కాళ్లు బాగా ఎడం చేశాను, గొట్టం పైకి లాగలేదు. ఇంకా గాలికి కొంచెం అదురుతోంది. కిందికి దిగి మా చిన్న ఇసుర్రాయి పై రాయి తెచ్చి, దాని నడుమ బొక్కలోంచి తాడు వేసి, స్టాండు కింది కొక్కేనికి నేలకు తగిలీ తగలనట్టు కట్టాను.

"ఏందే అది? ఇసుర్రాయికి ఉరేస్తున్నవా?" అని అమ్మ నా వెనకే మెట్లెక్కి వచ్చింది.

తాడు ముడి బిగించాను. కన్ను పెట్టాను.

గుట్ట ఆగింది. ఇన్నాళ్లకు ఆగింది. గుండ్ల మీద నల్లటి వాన చారలు, పగుళ్లలో ఎండిన గడ్డి, ఒక్కొక్కటీ దాని జాగాలో అది ఉంది. నాకు ఏడుపొచ్చేంత సంతోషం వేసింది. ఏమీ లేదు, అన్నీ రాళ్లే, బాపు మాటే నిజం అనుకుంటూ మెల్లగా తిప్పుతూ వచ్చాను. కింది వరుసలో ఒక పెద్ద గుండు. దాని మీద ఒక రాయి మాత్రం ఆగలేదు. దాని చివర ఏదో లేచి, మెల్లగా వంగి, పడుకుంది. మళ్లీ లేచింది. తోక.

మచ్చలు కనిపిస్తున్నాయి, మెడ కనిపిస్తోంది. అది చేను కేసి చూస్తోంది. దుర్బీనును వెంట్రుకవాసి కిందికి దించాను. బాపు. వంగి కాలువలో మన్ను తీస్తున్నాడు, వీపు గుండు వైపే ఉంది. వంగిన మనిషి ఎంత ఎత్తుంటాడు? మేకంత.

ఫోను చేశాను. దుర్బీను పక్కకు తిప్పితే స్టార్టరు డబ్బా మేకుకు అంగీ వేలాడుతోంది. ఫోను ఆ అంగీలోనే మోగుతోంది. మళ్లీ చేశాను. అంగీ గాలికి ఊగింది. ఇక్కడి నుంచి అరిస్తే వినపడదు, ఎవరినైనా బండి మీద పంపితే చేరేలోపు ఏమవుతుందో తెలియదు. "అమ్మా, ఉన్నది. బాపు ఎనకనే ఉన్నది" అన్నాను.

అమ్మ దుర్బీనులో చూడలేదు. ఒక్క క్షణం గుట్ట కేసి చూసి, "నీళ్లు ఆగితే మోటరు కాడికి వస్తడు" అంది. అప్పుడే మెట్లు దిగుతోంది. మా సందు చివరే ట్రాన్స్‌ఫార్మరు. దాని పక్కింట్లో ఉండే పెద్దాయన, ఫ్యూజు పోయినప్పుడల్లా పొడుగు పిడి గుంజి చేల కరెంటు బందు చేసేది ఆయనే. అమ్మ అరుపు నాకు పైకి వినిపించింది. "అన్నా, గుంజు! జల్దిన గుంజు!"

నేను కన్ను తీయలేదు. పైపు మూతి దగ్గర తెల్లగా దుముకుతున్న నీళ్లు సన్నబడ్డాయి, తర్వాత కారాయి, తర్వాత ఆగాయి. బాపు నడుము ఎత్తాడు. ఊరి కేసి తిరిగి ఏదో తిట్టాడు. పార భుజాన వేసుకుని స్టార్టరు వైపు, గుండుకు దూరంగా, నడవడం మొదలుపెట్టాడు. మధ్యలో ఆగి గట్టు మీద రాయి ఒకటి సర్దాడు. ఇప్పుడా సర్దేది అని నేను గట్టిగా అరిచాను. పైకి తిప్పి చూస్తే పులి తల ఆయనతో పాటే తిరుగుతోంది. లేస్తుందా, లేవదా. నేను ఫోను చేస్తూనే ఉన్నాను.

ఎత్తాడు. "ఎవ్వడే కరెంటు బంద్ జేసింది? సగం మడి గూడ పారలే..."

"బాపూ, ఎనకకు తిరగకు. బండెక్కి ఇంటికి రా."

"ఎందుకే?"

"గుండు మీద ఉన్నది. నేను చూస్తున్న."

ఆయన నవ్వుతాడని నా భయం. నవ్వలేదు. చాలా నెమ్మదిగా అడిగాడు. "ఎటు చూస్తున్నది?"

"నీ దిక్కే."

అంగీ అక్కడే మేకుకు వదిలేసి, బనీను మీదే బండెక్కాడు. బండి రోడ్డు మీదికి వచ్చేదాకా నేను దుర్బీను ఆయన మీదే పెట్టాను. వాకిట్లో బండి ఆగిన చప్పుడు విన్నాక గానీ నేను కింద కూర్చోలేదు.

బాపు స్లాబు మీదికి ఎక్కి వచ్చాడు. ఇసుర్రాయిని దాటుకుని వచ్చి వంగి కన్ను పెట్టాడు. నేను ముట్టుకోవద్దని మాత్రం చెప్పాను. చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు చూశాడు. అమ్మ నీళ్ల చెంబు పట్టుకుని నిలబడింది.

"నేను రోజు గా గుండు నీడకే కూసొని బువ్వ తింట" అన్నాడు, కన్ను తీయకుండానే. మా ఇద్దరికీ చెప్పినట్టు లేదు.

తర్వాత పక్కకు జరిగి నాకు చోటిచ్చాడు. ఇంకా ఉందో లేదో చూద్దామని నేను వంగాను. గుట్ట మళ్లీ వణుకుతోంది. గుండ్లు, గడ్డి, ఆ మచ్చలు, అన్నీ కలిసి వణుకుతున్నాయి. తాడు జారిందేమో అనుకున్నాను, పళ్లెం వదులైందేమో అని తడిమాను. అన్నీ బిగువుగానే ఉన్నాయి. తల దించి చూశాను. బాపు ఒక చేత్తో చెంబు ఎత్తి నీళ్లు తాగుతున్నాడు. రెండో చేయి స్టాండు కాలిని పట్టుకుని ఉంది. చెయ్యి తీయమని నేను అనలేదు.