బేగా అంటే ఎంత బేగా?

ఎదురింట్లో బేతంచెర్ల బండలు పాలిష్ పడుతున్నారు. తడి రాతిపొడి వాసన కిటికీలోంచి వస్తే నాకు ఎస్తేరమ్మ మేడం గుర్తొస్తారు. కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాక నంద్యాలలో పేటెంటు ఏజెంటుగా పనిచేశారు. నేను ఆమె దగ్గర అసిస్టెంటును. పని నేర్చుకున్నదానికంటే ఆమెతో వాదించిందే ఎక్కువ.

ఒకరోజు ఆళ్లగడ్డ నుంచి నాగిరెడ్డన్న ఆమె దగ్గరికి వచ్చాడు. బండల పాలిష్ మిషన్‌కు నీళ్ళు వదిలే కొత్త ఏర్పాటు చేశాడు. "ఇంతవరకు నాది" అని హద్దు గీసే వాక్యాన్ని పేటెంటులో క్లెయిము అంటారు. మేడం రెండు రాశారు. మొదటిది, "తగినంత" నీరు వదిలే ఏర్పాటు. రెండోది అన్న పట్టుబట్టి రాయించుకున్నది. "బేగా నునుపు జేస్తాదని రాయమ్మా. నా మిషన్ గొప్పే అది!" ఆ బేగా దరఖాస్తులో "త్వరగా" అనే అర్థమిచ్చే ఇంగ్లీషు మాటైంది.

రెండు మాటలూ అస్పష్టమని పేటెంటు ఆఫీసు దరఖాస్తును తిరస్కరించింది. అప్పటికే చాగలమర్రిలో ఒకాయన అచ్చం అలాంటిదే చేసి అమ్ముతున్నాడు. పేటెంటు రాకపోతే అన్న అతన్ని ఆపలేడు. మద్రాసు హైకోర్టులో అప్పీలు వేశాం.

"రెండింటికీ కొట్లాడదాం మేడం. బేగా అంటే బేతంచెర్లకంతా తెలుసు!" అన్నాను.

"ఏమ్మే, బేతంచెర్లకు తెలిసిండేది వేరే, మనం రాసిండేది వేరే. తగినంతకు దరఖాస్తు వివరణలో గుర్తు రాసినాం: పొడి లేయగూడదు, నీళ్ళు నిలవగూడదు. బేగాకు ఏం రాసినాం? దేనికంటే బేగా?"

వివరణంతా తిరగేశాను, ఆ సంగతి ఎక్కడా రాయలేదు. అన్న మాత్రం ఊరుకోలేదు. "బేగా పీకేస్తే నాకేం మిగిల్తాదమ్మా?"

"చూపించగలిగింది మిగిల్తాది. రెండూ పట్టుకుంటే రెండూ పోతాయప్పా."

అతను గొణుగుతూనే ఒప్పుకున్నాడు. విచారణలో మా లాయరు ముందే రెండో క్లెయిము వదులుకున్నాడు. జడ్జి ఒకటే అడిగారు: "తగినంతకు ఈ గుర్తు మొదటే రాశారా, తిరస్కరించాక కలిపారా?" లాయరు మొదటి దరఖాస్తులో ఆ పేరా చూపించాడు. ఈ పని తెలిసినవాడు వివరణతో కలిపి చదివితే అర్థమయ్యే మాటను అస్పష్టం అనలేమని జడ్జి తేల్చి, దరఖాస్తును మళ్ళీ పరిశీలించమన్నారు. తర్వాత పేటెంటు వచ్చింది. చాగలమర్రి ఆయన మిషన్ల తయారీ మానుకున్నాడు. "బేగా రాలేదు గానీ, వచ్చింది లేమ్మా," అన్నాడు నాగిరెడ్డన్న.

మేడం ఇప్పుడు లేరు. నా నోరు మాత్రం తగ్గలేదు. కాకపోతే ఇంట్లో మా ఆయనతో పోట్లాడేటప్పుడు "నువ్వెప్పుడూ ఇంతే" అనడం మానేశాను. ఆ "ఎప్పుడూ"ను ఆయన చిటికెలో కొట్టేస్తాడు. "నిన్న" అంటాను. నిన్నకు ఆయన దగ్గర జవాబుండదు.