కంచె దగ్గరికొచ్చిన ఎలుగ్గొడ్డు

మొన్న హిందూపురం సంతలో ఒకామె పనసపండు కోస్తుంటే ఆ వాసనకు నా కాళ్ళు ఆగిపోయాయి. నోరూరి కాదు, భయంతో. కొనడానికి ఆగినవాళ్ళను తప్పించుకుని పక్క వీధిలోకి తిరిగేశాను. ఇంత వయసొచ్చాక పండును చూసి పారిపోయేదాన్ని నేనొక్కదాన్నేనేమో.

మా మేనమామ చేను పెనుకొండ అవతల, గుట్ట కిందనే ఉండేది. కొన్నేళ్ళ కిందట ఆయన ఆ చేలో రెండు మట్టిగదులు కట్టి, వ్యవసాయం చేసి చూడండంటూ బోర్డు పెట్టాడు. శనివారమైతే బెంగళూరు నుంచి కార్లలో జనం దిగేవాళ్ళు. నేను ధర్మవరం నుంచి రైలెక్కి అత్తకు సాయంగా పోయేదాన్ని. వచ్చినవాళ్ళు ఆవు పాలు పితికేవాళ్ళు, చెమటలు కారుస్తూ రాగిసంగటి కెలికేవాళ్ళు. కలుపు తీయమంటే మాత్రం శనగమొక్కలు పీకి గడ్డిని భద్రంగా వదిలేవాళ్ళు. మామ నవ్వి, "పోనీలే పాపా, ఈసారి గడ్డి బాగా పండుతుంది" అనేవాడు.

ఆ ఏడాది తొలి వానలప్పుడు ఒక కుటుంబం వెంట తెచ్చుకున్న పనసపండు తిని, తొక్కలు పశువుల కొట్టం వెనక పారేసింది. తెల్లారి చూస్తే తడిమట్టిలో అడుగులు. మనిషి పాదంలాగే ఉన్నాయి, ముందు గోళ్ళ గాట్లు తప్ప. మామ ముఖం వాడిపోయింది. కానీ అతిథులు సంబరంగా ఫోటోలు తీసుకున్నారు. ఆ వారమంతా ఫోన్లే, ఎలుగుబంటి కనబడుతుందా అని. తర్వాత మామే పనసపండ్లు తెచ్చి, వాళ్ళకు తొనలు పెట్టి, తొక్కలు కంచె దగ్గర వేయడం మొదలుపెట్టాడు.

"దానికి ఇంటిదారి సూపిస్తాండావు. రేపు అది వాకిట్లోకొస్తే ఏం జేస్తావు?" అంది అత్త.

"వాళ్ళొచ్చేదే దాన్ని సూసేకి. అది తిని దాని దోవన పోతుందిలే."

అది పొద్దుగుంకే వేళకు వచ్చేది. మొదట కంచె అవతలే. తర్వాత గడ్డివామి దగ్గరికి. అతిథులు మిద్దె మీద ఊపిరి బిగబట్టి ఫోన్లు పట్టుకునేవాళ్ళు. కింద అది తొక్కలు జుర్రుతున్న చప్పుడు స్పష్టంగా వినబడేది. అంతకుముందు గొంతు చించుకుని అరిచిన కుక్కలు ఒకనాటి నుంచి అరవడం మానేశాయి. నన్ను అన్నిటికన్నా భయపెట్టింది అదే.

ఒక శనివారం ముసురు పట్టి ఎవరూ రాలేదు. తొక్కలూ లేవు. వసారా పక్కన రేకుల వంటపాకలో అత్త ఇసుకలో శనక్కాయలు వేయిస్తోంది, నేను పొట్టు చెరుగుతున్నాను. తలుపు అవతల బరువైన ఊపిరి వినిపిస్తే ఆవు కట్టు తెంచుకుందనుకున్నాను. అంతలో తలుపు రేకు లోపలికి వంగింది.

వసారాలో ఉన్న మామ కర్ర పట్టుకుని, "లోపలే ఉండండే!" అని అరుస్తూ వచ్చాడు. ఆ అరుపుకు అది అటు తిరిగింది. ఆయన కింద పడిన చప్పుడు, తర్వాత ఒక కేక. అత్త తలుపు తోసుకుని పోయి, పొయ్యిమీది ఇసుక మూకుడును దాని ముఖాన విసిరేసింది. అది గుర్రుమంటూ ఆయన్ను వదిలి గుట్టవైపు పోయింది. నేను చేట పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.

మామ బతికాడు. కుడిచెయ్యి మాత్రం భుజం దాటి లేవదు. ఆసుపత్రిలో కళ్ళు తెరిచి ఆయన అన్న మొదటి మాట, "దాన్నేమనొద్దే. పిల్సింది నేను." అత్త ఇంటికి పోయి బోర్డు పీకి పొయ్యిలో పెట్టింది.

ఇప్పుడు వాళ్ళు హిందూపురంలో బాడుగింట్లో ఉంటారు. చేను కౌలుకిచ్చారు. సంత నుంచి నేను వాళ్ళింటికి పోయేసరికి కౌలు రైతు వచ్చి కూర్చుని ఉన్నాడు. "ఇంగా వస్తాండాదన్నా," అన్నాడు మామతో. "ఇప్పుడు రెండు పిల్లల్ని ఎంటేసుకొని వస్తాండాది." మామ లేచి, ఇంకా వెలుతురుండగానే ఎడమచేత్తో తలుపు గడియ పెట్టాడు. గడిచిపోయిందనుకున్న ఆ కాలం ఎక్కడికీ పోలేదనీ, ఆ గుట్ట కింద పిల్లలు పెట్టి పెరుగుతోందనీ నాకప్పుడు తెలిసింది.