మా అమ్మ చేతిలో ఎగిరిన కొరమీను ముక్క

మా చిన్నప్పుడు... కైకలూరులో మా పెరట్లో, తల తెగిన కొరమీను ముక్క అమ్మ ఉప్పు చల్లగానే పళ్ళెంలో ఎగిరిపడింది!

అప్పుడే చెరువు నుంచి తెచ్చి కోసిన చేప. పక్కనే పీట మీద కూర్చున్న మామ్మ, అంటే నాన్న వాళ్ళమ్మ, చేతిలో విసనకర్ర జారవిడిచింది.

"చచ్చినదాన్ని లేపే చెయ్యేంటమ్మా ఇది! రేపు మా చిన్నాణ్ణి, అదే నీ మరిదిని, చూడ్డానికి ఆడపెళ్ళివారొస్తున్నారు. నువ్వు మంచినీళ్ళ గ్లాసు కూడా ముట్టుకోవద్దు."

"అలాగేనండీ అత్తయ్యగారూ..." అమ్మ ఆ చేతిని కొంగులో దాచుకుంది.

అది చూసి నాకు మండింది. పైగా పదో తరగతి మహామేధావిని, నాడీకణం పాఠం ఆ వారమే అయ్యింది.

"చేప చచ్చింది గానీ దాని నరాలింకా చావలేదండీ మామ్మా" అని ఉపన్యాసం మొదలుపెట్టాను. నాడీకణం మన చేపల చెరువు లాంటిది. గట్టు బయట సోడియం ఎక్కువ, లోపల తక్కువ. ఉప్పులో ఉండేదీ సోడియమే. అది పైన పడేసరికి తూము తెరుచుకుని సోడియం లోపలికి దూకుతుంది, అక్కడ కరెంటు తారుమారవుతుంది. ఆ కుదుపుకి పక్క తూము, దాని కుదుపుకి ఆ పక్కది... అలా కబురు చివరిదాకా పోతే కండ ఎగురుతుంది.

"నీ చెరువు పాఠం నాకెందుకే! నోరు ముయ్యి."

ముయ్యలేదు. ఉప్పు డబ్బా ఆవిడ ముందు పెట్టాను. "అయితే మీరే వెయ్యండి. మీది మంచి చెయ్యే కదండీ?"

"ఒసేయ్!" అమ్మ నా జడ పట్టుకు లాగింది. అయినా కదల్లేదు.

మామ్మ పౌరుషంగా గుప్పెడు తీసి ఇంకో ముక్క మీద చల్లింది. అది ఎగిరి పళ్ళెం అంచు దాటింది!

"రేపు మీరూ గ్లాసు ముట్టుకోకండి మరి" అన్నాను.

మామ్మ ముక్కను చూసింది... తన చేతిని చూసుకుంది... "ఉప్పెక్కువైనట్టుంది. కడిగి పొయ్యెక్కించమ్మా" అంది.

మర్నాడు పెళ్ళివారికి కాఫీలు అమ్మే ఇచ్చింది. అదే చేత్తో.

ఇప్పుడు ఏలూరులో ఐసుపెట్టెలోంచి తీసిన చేప కొంటున్నాను. ఎంత ఉప్పు కుమ్మరించినా ఉలకదు, పలకదు... దాని నరాల్లో కరెంటు ఎప్పుడో పోయింది. "ఆవిడ చెయ్యి మంచిది కాదు" అనే మాట మాత్రం ఇంకా బతికే ఉంది.

మీ ఇంట్లో ఎవరి చేతినైనా అలా అన్నారా? కింద రాయండి... ఉప్పు డబ్బా పట్టుకుని వచ్చేస్తాను.