రెండు సీట్ల బండి, నాలుగు తలుపుల కారు

విజయనగరంలో ఒక ఎస్టేటు మోటారు షెడ్డును నాన్న చూసుకునేవాడు. ఎస్టేటు పోయాక, ఎవరికీ అక్కర్లేని పాత ఇంగ్లీషు రేసు కారొకటి ఆయన దగ్గర మిగిలింది. రెండే సీట్లు. నేను కాలేజీలో ఉండగా దాని మీదే నాకు డ్రైవింగు నేర్పాడు. పెళ్ళయి బావతో గరివిడికి కాపురానికి బయలుదేరినప్పుడు తాళం నా చేతిలోనే పెట్టాడు.

"ఇది నీదే పిల్లా. ఆడు అడిగితే ఇయ్యి, నేకపోతే నేదు," అన్నాడు, బావ వింటుండగానే.

పాప పుట్టాక కూడా నేనే నడిపాను. దాని తలుపుకి లోపల ఒక తోలు తాడు ఉండేది, లాగితే తెరుచుకుంటుంది. ఒకరోజు రైలుగేటు దగ్గర ఆపబోతుంటే, పక్కన అత్త ఒడిలో ఉన్న పాప ఆ తాడు పట్టుకు లాగేసింది. తలుపు బార్లా తెరుచుకుంది. అత్త గట్టిగా పట్టుకుంది కాబట్టి ఏమీ కాలేదు. ఆవిడ సాయంత్రానికి మరిచిపోయింది కూడా. నాకు మాత్రం అన్నం దిగలేదు. బావకొక్కడికే చెప్పి ఏడ్చాను.

"నాన్నకి చెప్పకు బావా. తలుపుకి గడియ పెట్టించుకుంటాను."

"నానెందుకు సెప్తాను? ఊరుకో."

కొన్నాళ్ళకు, పొద్దున్నే నా బండి తీసుకుని విశాఖపట్నం వెళ్ళిన బావ, సాయంత్రం నాలుగు తలుపుల కారులో తిరిగొచ్చాడు. ఎవరో కొంతకాలం వాడిన కారు.

"నా బండేది?"

"నువ్వే కదేటి బయపడిపోతన్నావు. అది ఇచ్చీసి ఇది తెచ్చినాను."

ఆ కారును తప్పుపట్టాలని చాలా చూశాను. పాత బండిలో వాన వస్తే గుడ్డ కప్పు నుంచి పాప నెత్తిన చుక్కలు పడేవి. ఇందులో అద్దాలు ఎత్తుకుంటే చాలు. అందులో పాలసీసా పెట్టుకోడానికి చోటుండేది కాదు. ఇందులో వెనక సీటు మంచమంత ఉంది. పాత బండి గుంత గుంతకీ నడుము విరగ్గొట్టేది. కానీ ఆ గుంతలు నాకు తెలిసేవి. పొట్టి గేరు అరచేతిలో ఇమిడేది, ఇంజను ఎప్పుడు అలిసిందో కాళ్ళకు తెలిసేది. కొత్తదానికి గేరు స్టీరింగు పక్కన ఉంది. దాన్ని నేను ముట్టుకోనేలేదు. "చెయ్యి తిరగాల," అంటాడు బావ. తాళమిచ్చి తిప్పనిస్తేగా తిరిగేది.

నాన్నకేం చెప్పాలన్నదే నా దిగులు. ఆదివారం విజయనగరం వెళ్తుంటే దారంతా మాటలు వెతుక్కున్నాను. నాన్న బయటికొచ్చి, పాత బండి ఏదని అడగలేదు. తిన్నగా వెళ్ళి బానెట్ మీద చెయ్యేశాడు.

"నాను సెప్పిందే తీసినావు అల్లుడూ. గేరు మెత్తగా పడతన్నాదా?"

"పడతన్నాది మావా."

నేను నాన్న వైపు తిరిగాను.

"నీకు ముందే తెలుసా నాన్నా?"

"ఏడిసినావంట కదే. ఆడొచ్చి సెప్పినాడు. నానే ఇచ్చీమన్నాను."

"తలుపుకి గడియ పెట్టలేవా నువ్వు?"

"పెట్టడానికేటి, కాసేపట్లో అయిపోద్ది."

"మరి?"

"తల్లివయినావు. ఇంకా తోలడమేటే?" అని నవ్వాడు. బావ కూడా నవ్వాడు.

భీమిలి రోడ్డు మీద, "బయపడితే బయపడు, బ్రేకు మీంచి కాలు మాత్రం తియ్యకు" అని నేర్పింది ఈయనే. భయపడ్డానని నేను చెప్పుకున్నది ఒక్క మనిషికి. ఆ మాటతోనే ఇద్దరూ కలిసి నా చేతిలోంచి తాళం తీసుకున్నారు.

తిరిగి వచ్చేటప్పుడు వెనక సీట్లో కూర్చున్నాను. పాప కాళ్ళు చాపుకుని హాయిగా నిద్రపోయింది.

మొన్న పాప పాలు కక్కితే బావ నా మొహం చూసి అడిగాడు.

"ఏటలాగున్నావు? బయమేస్తన్నాదా?"

"ఏమీ లేదు," అన్నాను.