బండి దిగిన వంటిల్లు

ఈమధ్య మా మిల్లు ఆవరణలో ఒక ఇల్లు బండి దిగి కిందకి వచ్చేసింది. ఇంట్లో సామాన్లు కాదండీ, ఇల్లే! తలుపు, కిటికీ, పొయ్యి, లోపల మా అత్తగారు, ఆవిడ పక్కన ఒక ఆవు, అన్నీ కలిపి ఒకేసారి దిగాయి. నవ్వండి, పరవాలేదు. నరసన్నపేటలో నవ్వనివాళ్ళు ఎవరూ మిగల్లేదు. నాకే నవ్వడానికి ఓపిక లేదు. నడుం విరిగిపోతోంది. ఈ టీ తాగేలోపు చెప్పేస్తాను, వినండి.

మాది చిన్న నూనె మిల్లు. మిల్లుకి ఒక పాత పికప్ ఉంది. మిలటరీవాళ్ళు డిస్పోజల్‌లో వదిలించుకున్న బండి. ముందు జీపు మొహం, వెనక చిన్న లారీ ఒళ్ళు. వారమంతా నూనె పీపాలు, తెలకపిండి బస్తాలు మోస్తుంది. వెనక చెక్కల మీద చెయ్యి ఆనిస్తే ఇప్పటికీ జిడ్డు అంటుకుంటుంది.

మావగారు పోయినప్పటినుంచి మా అత్తగారు మా దగ్గరే ఉంటోంది. ఆవిడకి ఉన్నది ఒకే ఒక్క కోరిక. పూరీ వెళ్ళాలి, జగన్నాథస్వామిని కళ్ళారా చూడాలి. ఒకసారి మూట కట్టుకుంటే వంశధార పొంగింది. ఇంకోసారి మావగారు మంచం పట్టారు. వీధిలో ఆవిడ ఈడువాళ్ళంతా వెళ్ళొచ్చేశారు. అక్కడినుంచి తెచ్చిన బెత్తాలతో మనవల వీపులు మెల్లిగా తట్టి దీవిస్తూ ఉంటారు. ఈవిడ గుమ్మంలో కూర్చుని అది చూస్తూ ఉంటుంది. ఆ చూపు నేను చూడలేనండీ, నిజం చెబుతున్నాను.

రైలెక్కించి తీసుకెళ్ళొచ్చు కదా అంటారా? అక్కడే ఉంది తిరకాసు. ఆవిడ పరాయి వంట ముట్టదు. తన పొయ్యి, తన గిన్నె, తన మడి. హోటల్ అన్న మాట వింటేనే మొహం పక్కకి తిప్పుకుంటుంది. స్టేషన్లో కొళాయి నీళ్ళు కూడా తాగదు.

ఇలా ఉండగా ఒక ఆదివారం మా బావమరిది సత్యం ఊడిపడ్డాడు. గరివిడి ఫ్యాక్టరీలో పని వాడికి. ఏదో ఇంగ్లీషు పత్రికలోంచి ఒక బొమ్మ చింపుకొచ్చాడు. అమెరికాలో మొగుడూ పెళ్ళాం పికప్ వెనక ఒక చెక్కగదిని దోపుకుని, అందులోనే వండుకుని తింటూ ఊళ్ళు తిరుగుతున్నారు. తిరగడం అయిపోయాక గదిని లాగి పక్కన పెట్టేస్తే మళ్ళీ మామూలు బండి!

"సూడు బావా! వారమంతా నీ తెలకపిండి, కావాలన్నప్పుడు అమ్మ వంటిల్లు. ఏటంతావు?"

ఏమంటాను? నేను ఎగిరి గంతేశాను. ఆ పూట మా ఆవిడ "ఇదేటండీ కొత్త తద్దినం" అందిగానీ నేను వినిపించుకోలేదు.

పని మొదట్లో చాలా పద్ధతిగా చేశాం. బండి వెనక స్ప్రింగుల కమాను కట్టలు బరువుకి కుంగిపోకుండా అదనంగా పలకలు వేయించాను. కొత్త టైర్లు. గది కదలకుండా నాలుగు మూలలా కట్టడానికి గొలుసులు, కొక్కేలు. సత్యం ఆ పత్రిక చదివి చదివి నాకు ఒకటే పాఠం చెప్పాడు. "బరువంతా వెనక ఇరుసుకి ముందుండాల బావా. వెనక్కి పడిందా, ముందు సక్రాలు గాల్లోకి తేలిపోతాయి." బాగుంది, అలాగే చేద్దాం అనుకున్నాం.

అప్పుడు వచ్చాడు కన్నయ్య మేస్త్రి. వడ్రంగంలో దిట్ట. నేను బండి కొలత ఇచ్చాను. ఆయన కళ్ళు మూసుకుని వేళ్ళ మీద ఏదో వాస్తు లెక్క కట్టి, కళ్ళు తెరిచి నన్ను జాలిగా చూశాడు.

"ఈ కొలతకి ఆయం కుక్క పడతాది బాబూ. కుక్క ఆయంలో ఎవలైనా కాపరం ఉంటారేటి?"

"కాపరమేటి మేస్త్రీ! ఇది బండి మీద పెట్టుకునే డబ్బా!"

"గుమ్మం ఉన్నాదా? ఉన్నాది. పొయ్యి ఉన్నాదా? ఉన్నాది. మరి ఇల్లు కాపోతే ఏటిది?"

లోపల్నుంచి అత్తగారి గొంతు. "మేస్త్రి సెప్పినట్టు సెయ్యి బాబూ."

అంతే. మంచిదైన వృషభాయం కుదరడం కోసం గది ఒక జానెడు పెరిగింది. ఆ పెరిగిన జానెడూ బండి వెనక గాల్లో వేలాడింది. అక్కడితో ఆగితే నేను ఇవాళ మీ ముందు ఇలా మూలుగుతూ కూర్చునేవాణ్ణి కాదు. గుమ్మం తూర్పుకి ఉండాలంది అత్తగారు. గుమ్మం ఉండేది బండి వెనకవైపు. కాబట్టి బండి వెనకభాగం తూర్పు అయిపోయింది. పొయ్యి ఆగ్నేయంలో ఉండాలి కదా, అది వెనక ఒక మూలకి వచ్చింది. ఇటుకలూ మట్టీ వేసి దిమ్మ కట్టేశారు. నీళ్ళ గోళెం ఈశాన్యంలో ఉండాలి, అది వెనక రెండో మూలకి వచ్చింది. బరువన్నది మొత్తం వెనకే. ముందువైపు ఒక చాప, రెండు దుప్పట్లు.

"అత్తా, బండి మలుపు తిరిగితే ఆగ్నేయం కాస్తా నైరుతి అయిపోతాది కదా!" అన్నాను.

"తిరిగినప్పుడు వండను కదా బాబూ. ఆపినప్పుడు గుమ్మం తూరుపుకి పెట్టి ఆపు."

అంటే పూరీ దాకా ఎక్కడ ఆగినా బండి ముక్కు పడమరకే ఉండాలన్నమాట. నేను సత్యం వైపు తిరిగాను.

"ఒరే, బరువు ముందుకుండాలన్నావు కదా, మీ అమ్మతో సెప్పు."

"నువ్వు సెప్పు బావా."

"మీ అమ్మ కదరా!"

"నీకు అత్త కదా!"

ఇద్దరం చెప్పలేదు.

కళాసీలు గదిని ఎత్తి బండి అంచు మీద పెట్టి నెట్టారు. నూనె తాగిన ఆ జిడ్డు చెక్కల మీద అది జుయ్యిన జారుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. ఎంత సులువుగా ఎక్కిందో అని అందరం మురిసిపోయాం. ఎక్కినంత సులువుగానూ దిగుతుందని ఒక్కడికీ తట్టలేదు.

బయల్దేరే రోజు పొద్దున్నే గృహప్రవేశం. బండి మీద గదికి గృహప్రవేశమేమిటని అడక్కండి, నేను అడిగి తిట్లు తిన్నాను. అది అయిపోగానే అటునుంచి అటే పూరీ. నేను గొలుసులు పట్టుకుని కట్టబోతుంటే అత్తగారు నా చెయ్యి పట్టుకుంది.

"పాలు పొంగకముందే ఇంటికి సంకెళ్ళేస్తావేటి బాబూ? పొంగాక ఏద్దువులే."

సరే, గొలుసులు కింద పడేశాను. పంతులుగారు ఇంకో మెలిక పెట్టారు. ఇల్లూ బండీ రెండూ ఒకటే గనక పాలు పొంగే వేళకే ముందు చక్రాలు నిమ్మకాయలు తొక్కాలట. అందుకని సత్యం స్టీరింగ్ ముందు కూర్చుని ఇంజన్ ఆన్ చేసి, గేరు వేసి, క్లచ్ తొక్కి పట్టుకుని ఉన్నాడు. మేము గంట కొట్టగానే ముందుకి పోనివ్వాలి.

అత్తగారు లోపల పొయ్యి వెలిగించి పాలు పెట్టింది. ఎదురింటివాళ్ళ ఆవుని తెచ్చి, పీపాలు ఎక్కించే పలకల మీదుగా నడిపించి లోపలికి పంపించాం. ఆవు ఒక చుట్టు చుట్టి బయటికి రావాలి. అదీ ఆచారం. ఆవు బుద్ధిగానే వెళ్ళింది. కానీ గది నేలకి నేను ఏ చెక్కలు ఇచ్చానో ఆవుకి ఒక్క క్షణంలో తెలిసిపోయింది. మిల్లులో తెలకపిండి ఆరబోసే పాత చెక్కలు! గట్టివి కదా అని ఇచ్చాను. అది తల దించి నాకడం మొదలెట్టింది. ఇంక తల ఎత్తితే ఒట్టు!

"రా తల్లీ, రా" అని నేను పలక మీద నిలబడి పలుపు లాగుతున్నాను. అది నాక్కుంటూ నాక్కుంటూ తిరిగి గుమ్మం దగ్గరికి వచ్చింది. బయటికి మాత్రం రాలేదు. సరిగ్గా ఆ వేలాడే జానెడు మీద నిలబడి నాకుతోంది. ఒక పక్క పొయ్యి దిమ్మ, ఒక పక్క నిండు గోళెం, మధ్యలో ఆవు, పొయ్యి ముందు అత్తగారు.

బండి కిర్రుమంది. ముందుభాగం మెల్లిగా లేవడం మొదలెట్టింది.

"ఓలమ్మో!" అంది మా ఆవిడ.

"బావా! రోడ్డేదీ? మబ్బులు కనబడతన్నాయి నాకు!" అని అరిచాడు సత్యం.

నిమ్మకాయలు నేల మీద, చక్రాలు గాల్లో. పంతులుగారు మంత్రం మధ్యలో ఆపేశారు. గది జిడ్డు చెక్కల మీద వెనక్కి జారి, అంచు నేలకి ఆనింది. కంగారులో సత్యం కాలు క్లచ్ మీంచి తీసేశాడు. బండి ఒక్క ఉరుకు ఉరికి, గది కిందనుంచి తప్పుకుని, ముందు చక్రాలు దబ్బున పడి, మిల్లు గోడకి ముక్కు ఆనించి ఆగిపోయింది. గది నేల మీద కూర్చుంది. నేను పలక మీంచి ఎగిరి పక్కనున్న తెలకపిండి రాశిలో కూర్చున్నాను. ఆవు అప్పుడు, అప్పుడు బయటికి వచ్చింది! వచ్చి నన్ను నాకడం మొదలెట్టింది.

"అత్తా!" అని అరుచుకుంటూ లేచి పరిగెత్తాను.

ఆవిడ గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. చీర చెంగు కూడా నలగలేదు. "పాలు పొంగాయి బాబూ! తూరుపుకే పొంగాయి!" అంది మొహం వెలిగిపోతూ.

తర్వాత చూసింది. తను నేల మీద ఉంది, బండి ఎక్కడో గోడ దగ్గరుంది. మేస్త్రి వంగి చూసి, అడుగు దూలం చీలిపోయిందనీ మళ్ళీ ఎత్తితే గది ముక్కలవుతుందనీ చెప్పాడు. అత్తగారు పొయ్యి ఆర్పేసి గుమ్మంలో చతికిలబడింది.

"సామికి నానంటే ఇష్టం నేదు కావోలు" అంది, ఎవరికీ కాకుండా.

నాకు ఏడుపొచ్చింది. ఒళ్ళంతా తెలకపిండి, కళ్ళల్లో నీళ్ళు. చూడ్డానికి ఎలా ఉన్నానో నాకు తెలుసు.

మా ఆవిడే తెగించింది. "బండి బాగానే ఉన్నాది కదండీ. నేను తలస్నానం చేసి అటుకులు, బెల్లం, అరటిపళ్ళు మూట కట్టీసినాను. సెంబుతో మన నూతి నీళ్ళు. అమ్మా, లెగు. బేగి ఎక్కు."

ఆవిడ లేచిందండీ! బండి వెనక పరుపు వేసి, పైన టార్పాలిన్ కట్టి తల్లినీ కూతుర్నీ కూర్చోబెట్టి బయల్దేరాం. అదనంగా వేయించిన కమాను పలకలు ఉన్నాయే, అవి బరువు మోయడానికి వేయించినవి. బరువు లేకపోయేసరికి బండి రోడ్డు మీద ఉన్నదానికంటే గాల్లో ఉన్నదే ఎక్కువ. ఇచ్ఛాపురం దాటేసరికి నా నడుం పోయింది. బరంపురం దాటేసరికి మెడ కూడా పోయింది. వెనకనుంచి మాత్రం దారి పొడుగునా భజన వినిపిస్తూనే ఉంది.

దర్శనం అయింది. స్వామి ఎదుట ఆవిడ రెండు చేతులూ ఎత్తి నిలబడిపోయింది. నేనూ ఏడ్చాను, సిగ్గేం లేదు. అక్కడి పూజారి, పండా ఒకాయన, బెత్తంతో తల మీద తడితే చిన్నపిల్లలా నవ్వింది.

బయటికి వచ్చాక ప్రసాదాల బజారు. కుండలకి కుండలు అన్నం, పప్పు. ఎక్కడెక్కడివాళ్ళో నేల మీద కలిసి కూర్చుని తింటున్నారు. నేను అటుకుల మూట విప్పబోతున్నాను. చూద్దునుగదా, అత్తగారు వెళ్ళి ఎవరో ఒరియా ముసలమ్మ పక్కన కూర్చుని, ఆవిడ కుండలోంచి తీసి పెట్టిన ముద్ద తినేస్తోంది! ఇంకో ముద్ద అడిగింది కూడా!

"అత్తా! అది ఎవలు వండారో..."

"అదేటి బాబూ అలాగంతావు? సామి పెసాదానికి మడేటి, మైలేటి! పూరీ వచ్చి ఎవలైనా సొంత పొయ్యి పెట్టుకుంటారేటి?"

ఒరియా దేశం పక్కనే పుట్టి పెరిగినవాణ్ణి. ఈ సంగతి నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. ఒక్కసారైనా గుర్తు రాలేదు చూడండి!

"అంటే... దారిలో అటుకులతో సరిపెట్టుకుని, ఇక్కడ పెసాదం తిని... మరి ఆ గది ఎందుకు కట్టనిచ్చావు అత్తా?"

"నువ్వు ముచ్చట పడతన్నావు కదా అని ఊరుకున్నాను బాబూ. కట్టేదేదో ఆయం సూసి కట్టమన్నాను, అంతే."

సత్యం నా మొహంలోకి చూడకుండా కుండ వైపు చూస్తున్నాడు. అత్తగారు చెయ్యి కడుక్కుని, అప్పుడే కొన్న బెత్తంతో నా వీపు మీద ప్రేమగా తట్టింది. తట్టిన చోట నొప్పి ఇప్పటికీ ఉంది.

"దిగులు పడకు. కాశీ ఎల్లినప్పుడు పనికొస్తాది. అక్కడైతే మనమే వండుకోవాల. ఆ దూలం బాగు సేయించు బాబూ."

స్వామి గుడి ముందు నిలబడి కాదనలేక సరే అన్నాను. ఇదిగో, ఇందాక కన్నయ్య మేస్త్రి మా వీధిలోకి రావడం చూసి పెరటి దారిన మీ దగ్గరికి వచ్చాను. ఇంకో కప్పు టీ ఇప్పించండి. కాశీకి రైలెప్పుడో కాస్త కనుక్కోండి. ఎవరికీ చెప్పకుండా నేనొక్కణ్ణే పోదామనుకుంటున్నాను.